చీకటి సినిమా, చీలిన ప్రేక్షకులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సినిమా చుట్టూ తిరిగాయి. ఆండ్రూ డొమినిక్ దర్శకత్వంలో 2012లో వచ్చిన అమెరికన్ నేరకథ ‘కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ’ అది. ఆకాశానికెత్తినవాళ్లూ ఉన్నారు, సగంలో ఆపేసినవాళ్లూ ఉన్నారు. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: జూదం ఆట నడిపే మార్కీ ఒకప్పుడు తన ఆటను తానే దోపిడీ చేయించుకున్నాడు, ఆ సంగతి ఊరంతా పొక్కింది. ఇప్పుడు ఇంకెవరు దోచినా అనుమానం అతని మీదికే పోతుందని లెక్కేసి ఇద్దరు చిల్లర దొంగలు ఆ ఆట మీద పడతారు. లెక్క సరిచేయడానికి పైవాళ్లు జాకీ కోగన్ అనే కిరాయి హంతకుణ్ణి పిలుస్తారు. జవాబుల్లో మిగతా మలుపులూ బయటపడతాయి. వద్దనుకుంటే ముందు 97 నిమిషాల సినిమా చూసేసి రండి.

ప్రశ్న: విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. మొదటి రోజు ప్రేక్షకులేమో ‘ఎఫ్’ గ్రేడు ఇచ్చారట. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దర్నీ అడిగిన ప్రశ్నలే వేరు. ఆ ఎఫ్ సినిమాస్కోర్ అనే సంస్థ లెక్క. 1979 నుంచీ అమెరికాలో కొత్త సినిమా విడుదలైన రోజు హాళ్ల దగ్గర ప్రేక్షకుల చేతికి చిన్న కార్డు ఇచ్చి, ఏ నుంచి ఎఫ్ దాకా ఏదో ఒక గ్రేడు వేయమంటారు. మొదటి ఆటకే డబ్బిచ్చి వచ్చేవాళ్లు ఆ సినిమా మీద ముందే మోజుపడ్డవాళ్లు. అందుకే ఈ లెక్కలో బి వస్తేనే ఫర్వాలేదు అన్నట్టు, సి వస్తే దెబ్బతిన్నట్టు. ఎఫ్ ఎప్పుడో గానీ పడదు. కోగన్‌గా వేసిన బ్రాడ్ పిట్ తుపాకీ పట్టుకున్న పోస్టరు చూసి యాక్షన్ సినిమా అనుకుని హాల్లో కూర్చున్నవాళ్లకు, కార్లలో కూర్చుని కూలి బేరాలాడే మనుషులు కనపడ్డారు. ఆ గ్రేడు కొలిచింది ఆశకూ అందినదానికీ మధ్య దూరాన్ని. జేన్ క్యాంపియన్ తీసిన ‘ఇన్ ద కట్’ (2003)కీ ఇదే ఎఫ్ పడింది, అదీ ఈ కోవ సినిమాయే.

అంచనా ఎంత పని చేస్తుందో చూడాలంటే ‘డ్రైవ్’ (2011) సంగతి చాలు. కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చుకున్న సినిమా. మిషిగన్‌లో ఒక ప్రేక్షకురాలు మాత్రం, ట్రైలర్‌లో కార్ల పరుగు చూపించి సినిమాలో డ్రైవింగ్ పెద్దగా లేకుండా చేశారని కోర్టుకెక్కింది. నవ్వుకోవచ్చు కానీ ఆమె ఫిర్యాదులో పస ఉంది: అమ్మిన సరుకు ఒకటి, అందిన సరుకు ఇంకొకటి.

ఇక శాతాలు. సమీక్షలను పోగేసే వెబ్‌సైటు రాటెన్ టొమేటోస్‌లో 75 శాతం అంటే సినిమాకు నూటికి 75 మార్కులు వచ్చాయని కాదు, నూటికి 75 మంది విమర్శకులు ‘బాగుంది’ వైపు నిలబడ్డారని. అందరూ పదికి ఆరు ఇచ్చి ఊరుకున్నా అక్కడ నూటికి నూరు రావచ్చు. అలాంటిదే ఇంకో సైటు మెటాక్రిటిక్ ఒక్కో సమీక్షను మార్కుగా మార్చి, కొన్ని పత్రికలకు బరువు ఎక్కువేసి సగటు తీస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని పోల్చడంలో అర్థం లేదు.

చీలిక తెలియాలంటే సగటును వదిలేసి, ఎన్ని మార్కులు ఎంతమంది వేశారో చూపే పట్టీల బొమ్మ చూడండి. పదిమందిలో అయిదుగురు 10, అయిదుగురు 2 వేసినా సగటు 6. పదిమందీ 6 వేసినా సగటు 6. మొదటిది గొడవ పెట్టే సినిమా, రెండోది మర్చిపోయే సినిమా. రెండు చివర్లూ లేచి నడుమ పల్లంగా ఉంటే, చదవాల్సింది 10 వేసినవాళ్ల సమీక్షలూ 1 వేసినవాళ్ల సమీక్షలూ కాదు. 4 వేసినవాళ్లవీ 7 వేసినవాళ్లవీ చదవండి. ఏ దృశ్యం దగ్గర పడిందో, ఏ దృశ్యం దగ్గర లేచిందో వాళ్లే విడమరిచి రాస్తారు.

ప్రశ్న: టోపీ పెట్టిన డిటెక్టివ్ లేడు, నలుపు తెలుపు కాదు, వలలో వేసుకునే వగలాడి లేదు. దీన్ని నోయర్ అని ఎలా అంటారు?

జవాబు: నోయర్ అంటే ఫ్రెంచిలో నలుపు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సుకు ఒక్కసారిగా వచ్చిపడిన అమెరికన్ నేరకథలను చూసి, 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు పారిస్‌లో ఆ మాట వాడాడు. తీసినవాళ్లెవరూ మేం నోయర్ తీస్తున్నామని అనుకోలేదు. వాళ్లకు అవి మామూలు నేరకథలే.

టోపీ, సిగరెట్ పొగ పైపై తొడుగులు. లోపల ఉండాల్సినవి వేరు: తెలిసి తెలిసి తప్పటడుగు వేసే మనిషి, ముందునుంచే అతనికి వ్యతిరేకంగా ఉన్న లోకం, చట్టానికీ నేరానికీ మధ్య గీత చెరిగిపోవడం. తర్వాతి కాలపు నోయర్‌ను ‘నియో నోయర్’, అంటే కొత్త నోయర్ అంటారు. ఆ ‘నియో’ అన్న ముక్క ఎందుకు చేరిందో తెలియాలంటే సెన్సారు చరిత్ర కొంచెం చూడాలి. 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ అనే హాలీవుడ్ నియమావళి ప్రకారం తెర మీద నేరం చేసినవాడు శిక్ష తప్పించుకోకూడదు. అందుకే 1940ల కథల్లో హంతకుడు ఎంత తెలివైనవాడైనా చివరి రీలులో దొరికిపోతాడు, లేదా చస్తాడు. 1968లో ఆ కోడ్ పోయి వయసును బట్టి రేటింగులు వచ్చాయి. ఆ తర్వాత దుర్మార్గుడు దర్జాగా గెలిచి నడిచిపోయే ముగింపులకు దారి తెరుచుకుంది. ‘చైనాటౌన్’ (1974) ఆ దారిలో మైలురాయి.

ఆ లెక్కన కోగన్ కథ ముమ్మాటికీ నియో నోయరే. చంపాల్సినవాళ్లను చంపి, చివర్లో బారులో కూర్చుని కూలి ఎందుకు తగ్గించారని నిలదీస్తాడు. పోలీసు రాడు, పశ్చాత్తాపమూ రాదు.

ప్రశ్న: మాటలు, మాటలు, మాటలు. జేమ్స్ గాండోల్ఫినీ పాత్ర వచ్చి తాగి, ఏడ్చి, ఏ పనీ చేయకుండా పోతుంది. ఎడిటర్ నిద్రపోయాడా?

జవాబు: మాటల మూలం నవలలో ఉంది. సినిమాకు ఆధారం జార్జ్ వి. హిగ్గిన్స్ రాసిన ‘కోగన్స్ ట్రేడ్’ (1974). హిగ్గిన్స్ బోస్టన్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌గా పనిచేసినవాడు. నేరస్థులు ఎలా మాట్లాడతారో చెవులారా విన్నవాడు కాబట్టి ఆయన నవలలు దాదాపు సంభాషణలతోనే నడుస్తాయి. జరిగినదాన్ని చూపించరు, జరిగినదాని గురించి ఎవరో ఎవరికో చెబుతుంటే మనం పక్కన కూర్చుని వింటాం. డొమినిక్ ఆ పద్ధతిని దాదాపు అలాగే ఉంచి, కాలాన్ని మాత్రం 2008 శరత్తుకు జరిపాడు. అమెరికాలో బ్యాంకులు కూలుతున్న రోజులవి.

ఇప్పుడు గాండోల్ఫినీ వేసిన కిరాయి హంతకుడు మిక్కీ పాత్ర. ఇలాంటి దృశ్యం అవసరమా కాదా తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది. దృశ్యం మొదలైనప్పుడు ఒక మనిషికి ఏం తెలుసో, ఏం కావాలో కాగితం మీద ఒక వాక్యం రాయండి. ముగిశాక మళ్లీ రాయండి. రెండు వాక్యాలూ ఒకటే అయితే ఆ దృశ్యం కథను కదపకుండా నిలిచిపోయిందన్నమాట. మిక్కీ మొదటి దృశ్యానికి ముందు కోగన్ అనుకున్నది: ‘నమ్మకమైన పాత నేస్తానికి సగం పని అప్పగించవచ్చు.’ తర్వాత: ‘వీడు అయిపోయాడు, మొత్తం పని నేనే చేయాలి, ఇంకో రెండు చావులు నా చేతి మీదే.’ మార్పు పెద్దదే. అదీగాక, ఈ వృత్తిలో పదేళ్లకు కోగన్ ఎలా తయారవుతాడో ఎదురుగా కూర్చుని ఉంది.

హోటల్ గదిలో రెండో దృశ్యానికి ఇదే పరీక్ష పెడితే మాత్రం వాక్యం పెద్దగా మారదు. గాండోల్ఫినీ నటనకు వంక పెట్టలేం. కానీ కోగన్ అప్పటికే తేల్చుకున్న విషయాన్నే మనం ఇంకోసారి తేల్చుకుంటాం. అది సగానికి కోసినా కథకు నష్టం లేదు. మీ ఫిర్యాదుతో సగం ఏకీభవిస్తున్నాం.

ప్రశ్న: ప్రతి సీన్లో టీవీలోనో రేడియోలోనో నాయకుల ఉపన్యాసాలు. ఇది కథకు అతికిందా, దర్శకుడి పాఠమా?

జవాబు: ఆలోచన గట్టిది, మోతాదు ఎక్కువైంది. గట్టిది ఎందుకంటే, మార్కీ చావుకు కారణం చూడండి. రెండో దోపిడీ అతను చేయలేదని కోగన్‌కు తెలుసు. అయినా చంపాల్సిందే అంటాడు. ఆట నడిపేవాడే దోచుకుని బతికి బట్టకట్టాడని వీధిలో అనుకుంటే రేపు ఎవడూ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టడు. నేరం ఎవరిదన్నది కాదు, జనానికి నమ్మకం తిరిగి రావడం ముఖ్యం. అదే సమయంలో టీవీలో వినిపించేదీ అదే: బ్యాంకుల మీద నమ్మకం నిలబెట్టాలి. 2008 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం బ్యాంకులను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్ల చట్టం తెచ్చింది ఆ వాదనతోనే. జూదం బల్లనూ బ్యాంకునూ ఒకే కొలబద్దతో కొలవడం ఈ సినిమాలో అన్నిటికంటే పదునైన సంగతి.

ఇబ్బంది ఎక్కడంటే, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాక నోట్లో కూడా కుక్కారు. జూదం ఆడుతున్న గూండాలు, దోపిడీకి బయల్దేరిన దొంగలు పాటలూ ఆటల స్కోర్లూ పెట్టుకోకుండా ఆర్థికశాఖ ప్రకటనలు వింటారా? రెండు మూడు చోట్ల వదిలి, మిగతా చోట్ల ధ్వని తగ్గించి ఉంటే చివరి బారు దృశ్యంలో ఎన్నికల రాత్రి ఒబామా ప్రసంగం తూటాలా తగిలేది. అప్పటికి మన చెవి మొద్దుబారిపోతుంది.

ప్రశ్న: కారులో హత్యను నెమ్మదిగా, పాట పెట్టి, అద్దం ముక్కలు ముత్యాల్లా రాలేలా తీశారు. హింసను అందంగా చూపించడం తప్పు కాదా?

జవాబు: ఆ దృశ్యాన్ని ఒంటరిగా చూస్తే తప్పనిపిస్తుంది. దానికి ముందు అదే మార్కీని వానలో ఇద్దరు కొట్టే దృశ్యం ఉంది కదా, రెంటినీ జతగా చూడండి. అక్కడ పాట లేదు, వేగం మారదు. పిడికిలి దెబ్బ, ముక్కు పగిలిన చప్పుడు, వాంతి. చూడలేక తల తిప్పుకుంటాం. కొట్టేవాళ్లకు చేతనవని పని అది, అందుకే అంత వికారం. రెండోది కోగన్ పని. దగ్గరికెళ్తే వాళ్లు ఏడుస్తారు, బతిమాలతారు, అదంతా తనకు పడదు కాబట్టి దూరం నుంచే మెత్తగా చంపుతానని అతనే చెబుతాడు. సినిమా పేరు వచ్చింది కూడా అక్కడి నుంచే. అంటే ఆ అందం హంతకుడి కళ్లలోది. చూపిస్తున్నది ఎవరి కళ్లతోనో గమనించినవాళ్లకు దృశ్యం చల్లగా, భయంగా తగులుతుంది. గమనించనివాళ్లకు ప్రకటన చిత్రంలా ఉంటుంది. చాలామంది గమనించలేదంటే దర్శకుడి తప్పు అసలు లేదని అనలేం. పాట మరీ మధురంగా ఉండటం ఆ గందరగోళాన్ని పెంచింది.

ఇలాంటి షాట్లు తీయడం గురించి ఒకరు అడిగారు కాబట్టి లెక్క చెబుతాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో ఆడుతుంది. సెకనుకు 1,000 ఫ్రేములు తీసే కెమెరాతో పడితే ఒక సెకను ఘటన తెర మీద దాదాపు 42 సెకన్లు సాగుతుంది. మామూలుగా ఫ్రేముకు సెకనులో 48వ వంతు కాలం వెలుగు అందితే, ఇక్కడ 2,000వ వంతే. ఆ లోటు పూడ్చడానికి దాదాపు 42 రెట్లు, అంటే అయిదున్నర స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) వెలుగు ఎక్కువ కావాలి. రాత్రి దృశ్యానికి ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. పైగా మామూలు కరెంటు దీపాలు సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు గానీ ఈ వేగంలో బొమ్మ వెలిగి ఆరుతూ కనిపిస్తుంది. పెద్ద టంగ్‌స్టన్ దీపాలో, మినుకు లేని బ్యాలస్టు (దీపానికి వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం) ఉన్న దీపాలో వాడితే ఆ బెడద ఉండదు. చిన్న బల్బుల ఫిలమెంటు త్వరగా చల్లారుతుంది, అవి పనికిరావు.

ప్రశ్న: హాల్లో చూసినవాళ్లు ఛాయాగ్రహణం అద్భుతమన్నారు. మా టీవీలో సగం సినిమా బొగ్గు ముద్ద, మాటలూ వినపడవు. నిజంగా ఒకే సినిమానా?

జవాబు: మార్కులు తగ్గించే ముందు టీవీని ఒకసారి విచారించండి. చీకటి సినిమాల మీద వచ్చే కోపంలో కొంత వాటా దానిదే.

పిక్చర్ మోడ్ ‘వివిడ్’లోనో ‘డైనమిక్’లోనో ఉంటే ముందు ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్‌కు మార్చండి. వివిడ్ వెలుగును వెలుగులోకి, చీకటిని చీకట్లోకి లాగుతుంది. నోయర్ సంగతంతా ఉండేది ఆ రెంటి నడుమే. తర్వాత కరెంటు పొదుపు కోసం గది వెలుగును బట్టి తెర వెలుగు తగ్గించే ఈకో సెట్టింగు ఆపండి. రాత్రి లైట్లార్పి చూస్తే అదే తెరను మరీ చీకటి చేస్తుంది. షార్ప్‌నెస్ సున్నాకు దగ్గరగా, నాయిస్ రిడక్షన్ ఆఫ్‌లో పెట్టండి. లేకపోతే ఫిల్ము గింజను మురికి అనుకుని తుడిచేసి ముఖాలను మైనం బొమ్మలు చేస్తుంది. కదలికను నునుపు చేసే మోషన్ సెట్టింగు కూడా ఆఫ్. అది లేని ఫ్రేములు పుట్టించి సినిమాను సీరియల్‌లా మారుస్తుంది.

బొగ్గు ముద్దకు అసలు దోషి చాలాసార్లు హెచ్‌డీఎంఐ రేంజి. వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండే పద్ధతి ఒకటి, 0 నుంచి 255 దాకా సాగే పద్ధతి ఇంకొకటి. ప్లేయరు పూర్తి రేంజిలో పంపి, టీవీ పరిమిత రేంజి అనుకుంటే 16 కంటే కింద ఉన్న నీడలన్నీ ఒకే నలుపులో కూరుకుపోతాయి. తిరగబడితే నలుపంతా బూడిదై వెలిసిపోతుంది. ప్లేయర్‌లోనూ టీవీలోనూ రెండు చోట్లా ఒకటే ఉండేలా చూడండి, లేదా రెండూ ‘ఆటో’లో పెట్టండి.

తెర మొత్తం మసకగా ఉంటే ‘బ్యాక్‌లైట్’ పెంచాలి, ‘బ్రైట్‌నెస్’ కాదు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అన్న పేరుతో మారేది నలుపు స్థాయి. అది పెంచితే నలుపు కాస్తా పొగమంచవుతుంది. గామా (నలుపు తెలుపుల నడుమ ఛాయలు ఎంత ముదురుగా ఉండాలో తేల్చే సెట్టింగు) చీకటి గదిలో 2.4, దీపం ఉంటే 2.2. తెరకు ఎదురుగా ఉన్న దీపం ఆర్పేయండి. కళ్లు లాగుతుంటే టీవీ వెనక గోడ మీద పడేలా మసకగా ఒక తెల్ల దీపం పెట్టుకోండి. ప్రొజెక్టరు హాల్లో తెల్ల తెర వెలుగుకు ప్రమాణం 48 నిట్లు (తెర వెలుగును కొలిచే కొలత) మాత్రమే. మామూలు టీవీ అంతకు ఎన్నో రెట్లు వెలగగలదు. హాలు గెలిచేది వెలుగుతో కాదు, చుట్టూ ఉన్న చీకటితో.

నీడల్లో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తే తప్పు చాలాసార్లు టీవీది కాదు, సన్నటి నెట్ ప్రవాహానిది. డేటా కరువైనప్పుడు కుదింపు ముందుగా కోసేది చీకటి భాగాలనే. ఉన్నవాటిలో పెద్ద నాణ్యత ఎంచుకోండి, కుదిరితే డిస్కు.

మాటల సంగతి: ఆరు చానళ్ల 5.1 ధ్వనిలో సంభాషణ ప్రధానంగా నడిమి స్పీకరుకు వెళ్తుంది. టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు కాబట్టి అన్నీ కలిపేసినప్పుడు తుపాకీ మోతల కింద మాట నలుగుతుంది. ఆడియో మెనూలో స్టీరియో ట్రాక్ ఉంటే అది పెట్టండి. సౌండ్‌బార్ ఉంటే సెంటర్ చానల్‌ను 2, 3 డెసిబెల్స్ పెంచి, ‘నైట్ మోడ్’ వేయండి. ఈ సినిమాలో మాత్రం దొంగలిద్దరూ కావాలనే గొణుగుతారు. సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో నామోషీ లేదు.

ప్రశ్న: ‘బ్లేడ్ రన్నర్’ గురించి స్నేహితుడు చెప్పిన ముగింపు నేను చూసినదాంట్లో లేదు. ఎవరం తప్పు?

జవాబు: ఎవరూ కాదు. 1982లో విడుదలైనదాంట్లో హీరో గొంతుతో వ్యాఖ్యానమూ, ఊరు దాటిపోయే సుఖాంతమూ ఉన్నాయి. 1992 డైరెక్టర్స్ కట్‌లో రెండూ తీసేసి ఒక కల కలిపారు. 2007లో ‘ఫైనల్ కట్’ వచ్చింది. వాదన మొదలుపెట్టే ముందు ఏ సంవత్సరం కట్ చూశారో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: కోగన్ కథలో ఆడవాళ్లే లేరు. ఉన్న ఒక్కరూ వేశ్య. ఇది గమనించినవాళ్లను అతిగా ఆలోచిస్తున్నారంటారేం?

జవాబు: అలా అనేవాళ్లదే పొరపాటు. మాట్లాడే ఆడపాత్ర దాదాపు ఒక్కటే, మగవాళ్లు ఆడవాళ్ల గురించి మాట్లాడే మాటలు వినలేనంత మోటు. ఆ మనుషులు అంతేనని సమర్థించవచ్చు. కానీ 1940ల నోయర్‌లో వగలాడి పాత్ర ఎంత మూసలో పోసినదైనా కథను తన చేత్తో తిప్పేది. ఇక్కడ తిప్పడానికి ఎవరూ లేరు. ఈ కారణంతో ఒకరు ఒక మార్కు తగ్గిస్తే అది న్యాయమైన మార్కే.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. నేరకథలంటే పిచ్చి. చూపించవచ్చా?

జవాబు: వద్దు. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్, అంటే 17 ఏళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లు పక్కనుంటే తప్ప హాల్లోకి రాకూడదు. నెత్తురు కంటే వానలో కొట్టే దృశ్యం, హెరాయిన్ మత్తులో జోగే దృశ్యం, ఆపకుండా దొర్లే బూతులు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అంతగా పట్టుబడితే 1944 నాటి ‘డబుల్ ఇన్‌డెమ్నిటీ’తో మొదలుపెట్టండి. హత్య జరిగే క్షణంలో కెమెరా చంపేవాణ్ణీ చచ్చేవాణ్ణీ చూపించదు, పక్కన కారు నడుపుతున్న ఆమె ముఖం మీద నిలబడుతుంది.